ఊయలల గదిలో పరిచయం

ఆవిణ్ణి నలుగురిలో కడిగెయ్యాలనే ఈ వయసులో ఆ సంస్థలో చేరాను. చదువుకునే తల్లులు క్లాసులకు వెళ్ళినప్పుడు వాళ్ళ పసిపిల్లల్ని చూసుకునే సంస్థ అది. ఆవిడ ఒకప్పటి కాలేజీ ప్రిన్సిపాలు. ఆవిడ చేరుతోందని తెలిసి నేనూ అదేరోజు చేరాను.

కొత్తవాళ్ళ పరిచయాలు అక్కడ ఊయలల గదిలోనే. చేతికో బిడ్డనిస్తారు, ఎత్తుకునే మాట్లాడాలి. నాకిచ్చినవాడు భుజాన వేసుకోగానే నిద్రపోయాడు.

ముందు ఆవిడ మాట్లాడింది. "వరండాలో బిడ్డ ఏడుస్తోందని ఒకమ్మాయిని పరీక్ష మధ్యలో లేపి పంపేశాను. ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి రాలేదు. అదే మనసులో ఉండిపోయి ఇక్కడికొచ్చాను."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ పశ్చాత్తాపం ఇలాగే, అంతా అయిపోయాక వచ్చి మెప్పు పొందుతుంది.

"ఇక మీరు, తాతగారూ. మెల్లగా! వాడు లేచాడంటే మిమ్మల్నే ఊపమంటాం," అంది ఆయా.

ఇన్నేళ్ళూ నూరిపెట్టుకున్న మాటలు గట్టిగా అరవాల్సినవి. వాడి వీపు తడుతూ గొంతు తగ్గించాను.

"ప్రిన్సిపాలుగారూ, ఆ పిల్ల మా అమ్మాయే. ఆ వానాకాలం దాటలేదు. పాపను నేనే పెంచాను."

ఆవిడ చేతుల్లో బిడ్డ ఏడుపందుకుంది. ఊరుకోబెట్టడం ఆవిడకు చేతకాలేదు.

అక్కడితో చాలనుకున్నాను. నోరు ఆగలేదు.

"ఆవేళ బయట వాన. వరండాలో పాపను ఎత్తుకున్నది నేనే. ఎంత జోకొట్టినా ఊరుకోలేదండీ. వీడిలా ఒక్క గంట పడుకునుంటే, మా అమ్మాయి పరీక్ష రాసేసేది."