మేడమ్ గారి హోంవర్క్

లాప్‌టాప్ కెమెరాకి చిక్కకుండా గోడవారగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు టైలరింగ్ షాపు ఓనరు. టేబుల్ ముందు అతని భార్య. తెరమీద కౌన్సిలింగ్ ఇచ్చే మేడమ్, ఆవిడ ఒళ్లో ఒక పిల్లి.

పిల్లిని నిమురుకుంటూ కూర్చునే మనిషి తన పెళ్లాం వణుకు పోగొడుతుందట! ఓనరు మీసాల చాటున నవ్వుకున్నాడు.

ఆ వణుకు భార్య చేతులది. షాపు బోర్డు మీద పేరు ఓనరుదే గానీ, గుడ్డ కత్తిరించేది మాత్రం ఆవిడే. స్కూలు యూనిఫారాల పెద్ద ఆర్డరు నెత్తిమీదుండగా, కత్తెర పట్టగానే ఆవిడ వేళ్లు వణకడం మొదలుపెట్టాయి. రెండు థాన్ల గుడ్డ పీలికలైపోయింది. డాక్టరు చూసి, "నరాలు బాగానే ఉన్నాయి. ఇది భయం. కౌన్సిలింగ్ ఇప్పించండి" అన్నాడు.

"భయమా? ఎవరంటే భయం? నేనంటేనా?" అని ఇంటికొచ్చాక నిలదీశాడు ఓనరు.

ఆవిడ కొంగు ముంజేతి మీదకి లాక్కుంది. అక్కడ ఇస్త్రీపెట్టె వాత ఇంకా మానలేదు. ఏదో కోపంలో ఒకసారి చెయ్యి జారింది, దానికి ఇన్నాళ్లు ముఖం వేలాడేసుకోవాలా అన్నది అతగాడి బాధ. పాపం, బాధలు అందరికీ ఉంటాయి.

ఆన్‌లైన్ అనేసరికి ఒప్పుకున్నాడు. గడప దాటక్కర్లేదు, అంతా కళ్లెదుటే జరుగుతుంది.

మొదటిరోజు మేడమ్ అడిగింది. "ప్రతి మాటకీ ముందు అలా పక్కకి చూస్తున్నారేంటమ్మా? అక్కడేముంది?"

"కిటికీ అండీ" అంది భార్య.

ఓనరు తృప్తిగా తలాడించాడు. నేర్పిన మాట నేర్పినట్టే చెప్పింది.

మేడమ్ కాసేపు పిల్లిని నిమిరింది. "సరే. నేను చిన్న చిన్న పనులు హోంవర్క్‌గా ఇస్తాను. పిచ్చిగా అనిపించినా మానకుండా చెయ్యండి. ముందు, రోజూ పొద్దున్నే ఒక్కరే పార్కు దాకా నడిచి రండి. ఫోన్ ఇంట్లోనే వదిలెయ్యండి."

ఆ రోజే అక్కకి ఫోన్ చేసి పగలబడి నవ్వాడు ఓనరు. "నడవమంది అక్కా! అది చెప్పడానికి అంత చదువెందుకు? మా వీధి కుక్క కూడా రోజూ నడుస్తుంది, దానికేం డిగ్రీ ఉందని!"

"నువ్వు ఎగతాళి చేస్తూ కూర్చోకురా. దాని చేతులు కుదురుకోకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే షాపుకి తాళమే."

ఆ మాటతో కాస్త తగ్గాడు. అయినా అనుమానం పెనుభూతం కదా, రెండ్రోజులు స్కూటరు మీద వెనకాలే వెళ్లి చూశాడు. ఆవిడ తల వంచుకుని వెళ్లింది, తల వంచుకుని వచ్చింది. మూడోరోజు నుంచి దుప్పటి ముసుగేశాడు.

తర్వాతి హోంవర్క్ ఇంకా వింత. "బీరువాలో బట్టలు తగ్గించుకోండి. పార్కు పక్కన పాత బట్టలు తీసుకునే సేవా కేంద్రం ఉంది కదా, నడకకి వెళ్లినప్పుడల్లా కొన్ని పట్టుకెళ్లి అక్కడ ఇవ్వండి. మనసు తేలికపడుతుంది."

"ఆవిడ చెప్పినట్టు చేస్తే చివరికి కట్టుకోను చీర కూడా మిగలదేమోనే" అని భార్యని వెక్కిరించాడు ఓనరు. ఆవిడ నాలుగు బట్టలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంకోరోజు మేడమ్, "మీరు చదివినవీ సాధించినవీ రోజూ కళ్లారా చూసుకోవాలి. సర్టిఫికెట్లు మీ దగ్గరే ఉంచుకోండి" అంది. అవి ఓనరు లాకర్లో ఉన్నాయి. తాళం తీసి ఫైలు మొత్తం ఆవిడ ఒళ్లోకి విసిరాడు. "ఇదిగో, చూసుకుని మురిసిపో. కాగితాలతో రోగాలు కుదిరితే ఇక ఆస్పత్రులెందుకు!"

మేడమ్ చెప్పినవాటిలో అతనికి నచ్చింది ఒకటే. "ఇంట్లో ఎవరేమన్నా వాదించకండి. సరేనని పక్కకి తప్పుకోండి" అంది. ఓనరు తొడ చరుచుకున్నాడు. ఆ సాయంత్రం అక్కకి చెప్పాడు. "ఇన్నాళ్లకి డిగ్రీ ఉన్న మనిషిలా ఒక్క మాట మాట్లాడింది!"

విచిత్రం, ఆవిడ చేతులు నిజంగానే కుదురుకున్నాయి. కత్తెర మళ్లీ గీత మీదే నడిచింది. ఇస్త్రీ చేసేవాడి దగ్గర్నుంచి బొత్తాలు కుట్టేవాడి దాకా షాపులో అందరికీ ఓనరు ఒకటే చెప్పాడు. "మేడమూ లేదు, మట్టీ లేదు. నేను పక్కన కూర్చోబట్టి బాగుపడింది."

యూనిఫారాల గుడ్డ వచ్చేసింది. కటింగ్ మొదలుపెట్టాల్సిన రోజు పొద్దున్న కౌన్సిలింగ్ వేళకి లాప్‌టాప్ మోగింది. నడకకి వెళ్లిన భార్య ఇంకా తిరిగి రాలేదు. ఓనరు విసుక్కుంటూ గోడ దగ్గర్నుంచి లేచి, మొదటిసారి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు.

"చూడండి మేడమ్, నేను ఆవిడ భర్తని" అన్నాడు గొంతు సవరించుకుని. "ఆవిడకి నయమైంది. ఇక మీ నడకలూ సంచులూ కట్టిపెట్టండి. అవతల థాన్లు పడున్నాయి, ఈవిడేమో షికార్లు చేస్తోంది. ఈ తిక్కంతా మీరు నేర్పిందే!"

మేడమ్ పిల్లిని ఒళ్లోంచి దించింది. అతన్ని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఆవిడ క్షేమంగా చేరాల్సిన చోటికి చేరారండీ" అంది చల్లగా, "పక్కన కూర్చుని వింటున్నది మీరేనని మొదటిరోజే అర్థమైంది కాబట్టి, ఆ ఇంట్లోంచి ఆవిడ బయటపడే దారంతా మీకు వినబడేలాగే చెప్పాను."