కప్ప పాట, తొండ ఆకు

తొలకరికి లేచిన ఉసిళ్లలో నాలుగింటిని పట్టి తెచ్చిచ్చి, తొండ కప్ప చేత తామరాకు మీద కాలిముద్ర వేయించుకుంది. ఆ రోజు నుంచి కప్ప పాట మీద హక్కులన్నీ తొండవే. కప్ప నోరు తెరిస్తే చాలు, “నన్నడిగావా?” అని గట్టు మీంచి గద్దించేది. అడిగి పాడినా, కుంటంతా మెచ్చుకుంటుంటే తల ఊపేది తొండే.

ఒక సాయంత్రం పాట వింటూ నీళ్లపాము వచ్చింది. “ఎవరిదీ పాట?” అని అడిగింది.

తొండ ఛాతీ ఉబ్బించి, “నాదే! కప్పది ఉత్త గొంతు. కావాలంటే ఈ ఆకు చూసుకో” అంది.

పాము ఆకంతా చదివింది. “అయ్యో, ఇన్నాళ్లూ పాట విని అనవసరంగా కప్పల్ని తిన్నానే!” అంటూ తొండ వైపు జరిగింది.

కప్ప నీళ్లలోంచి తల పైకెత్తి అడిగింది: “తొండ బావా, త్వరగా చెప్పు. నీ తర్వాత ఈ ఆకు ఎవరికివ్వమంటావు?”