పడవ మీద ముసుగు వీరుడు

“ఆపు మాథ్యూ, ఆడనే ఆపు!” అని పెంచల్ కుర్చీలోంచి లేచి అరిచాడు.

తెర మీద ముసుగు వీరుడు కత్తి ఎత్తి పడవ అంచున బొమ్మలా నిలబడిపోయాడు. తుపాను షెల్టరు హాల్లో కిక్కిరిసి కూర్చున్న జనం కూడా నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయారు.

“కత్తి ఏ చేతిలో ఉందో చూడండయ్యా. పుర్రచెయ్యి! మా పెదనాయన అన్నం తినేదీ, వల విసిరేదీ, చిన్నప్పుడు నా చెంప పగలగొట్టిందీ అంతా కుడిచేత్తోనే. ఇంకేం సాక్ష్యం కావాల?”

అందరి తలలూ చిన్నపోలయ్య వైపు తిరిగాయి. ముసలాయన తెర వంక కూడా చూడటం లేదు.

అది ఎప్పటిదో నలుపు తెలుపు సినిమా. ఏదో పరదేశపు కత్తియుద్ధాల నవలకు పాటలు అతికించి, హాస్యం దట్టించి తీశారు. రాణిగారి ఉంగరం కోసం నలుగురు వీరులు కొట్టుకు చస్తుంటే, వాళ్ళ వంటవాడు గరిటె తిప్పుతూ పాట పాడతాడు. పడవ మీది యుద్ధం మాత్రం ఈ ఊరి సరస్సులోనే తీశారు. ముసుగేసుకుని హీరో బదులు కత్తి తిప్పింది నేనేనని చిన్నపోలయ్య యాభై ఏళ్ళుగా చెబుతున్నాడు. ఊరు యాభై ఏళ్ళుగా నవ్వుతోంది.

నవ్వితే పోయేదేమీ లేదు. కానీ సరస్సులో ఏ ఇంటివాళ్ళు ఎక్కడ వల వెయ్యాలో ఏటా చీటీలతో తేలుస్తారు. కుండలోంచి ఆ చీటీలు తీసేది చిన్నపోలయ్యే. అబద్ధమాడేవాడు ఆ కుండలో చెయ్యి పెట్టకూడదని కట్టుబాటు. కుండ మీద పెంచల్‌కు ఎప్పటినుంచో కన్నుంది. నాయుడుపేటలో పాత సినిమాలు పోగుచేసే మాథ్యూను వెతికి, బతిమాలి తీసుకొచ్చింది అందుకే.

“తొందరపడొద్దు,” అన్నాడు ఊరిపెద్ద హజరత్తయ్య. “మాథ్యూ, కొంచెం ఎనక్కి తిప్పు నాయనా.”

మాథ్యూ తిప్పాడు. ముసుగు వీరుడు ఒడ్డున వంగి, పడవ ముక్కుకు రెండు చేతులూ తాకించి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత కుడికాలు లోపల పెట్టాడు.

“ఇదిగో! మనోళ్ళు తప్ప ఇట్టా ఎవురెక్కతారు?” అన్నాడు హజరత్తయ్య.

“అయితే పుర్రచెయ్యి యాడనుంచి వచ్చిందయ్యా? పైగా ఎంత సన్నగా ఉండాడో చూడు. మా పెదనాయన పుట్టినప్పుడే ఇంతకి రెండింతలు ఉంటాడు.”

హాలంతా గొల్లుమంది. అంతలో తెర మీద హీరోయిన్ గాగ్రా ఎత్తిపట్టుకుని పాడుతూ అదే పడవలోకి దూకింది. ఆడవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు.

“అమ్మో, ఆడమనిషి వల పడవెక్కిందే! గంగమ్మ ఊరుకుంటుందా?”

“మనూరి ఆడదైతే ఆ ఇంటి చీటీ చించేసుండరూ! తరతరాలకీ సరస్సులో చోటుండదు.”

“సినిమాలే, ఊరుకోండే,” అంది చిన్నపోలయ్య భార్య కామమ్మ, చెంగు తల మీదికి లాక్కుంటూ.

చిన్నపోలయ్య మెల్లగా లేచాడు. “ఇంక చాల్లే అబ్బయ్యా. నేను గాదు. అబద్ధం చెప్పినా. రేపొచ్చి కుండ తీసుకుపో.”

అంత సులువుగా ఒప్పుకుంటాడని పెంచల్ అనుకోలేదు. ఈలలు వేద్దామనుకున్నవాళ్ళు కూడా వెయ్యలేకపోయారు.

మర్నాడు పొద్దున్నే పెంచల్ వాళ్ళింటికి వెళ్ళాడు. గెలిచిన సంతోషం ఉండాల్సినంత లేదు.

చిన్నపోలయ్య కుండను తుడిచి సిద్ధంగా పెట్టాడు. రెండు చేతులతో ఎత్తి ఇచ్చాడు. అది అందుకుంటుంటే పెంచల్‌కు నిజంగానే సిగ్గేసింది.

“పెదనాయనా, ఒక్కమాట. ఆ ముసుగోడు మద్రాసోడైతే పడవకు దండం పెట్టేది ఎట్టా తెలుసు?”

“చూసి నేర్చుకోనుంటాడులే.”

“మరి నువ్వేనని ఎందుకు చెప్పుకున్నావు?”

“కత్తి తిప్పతానని సినిమావోళ్ళకి మాటిచ్చింది నేనే గదా. తీరా ఆ పొద్దుకి చలిజొరంతో పడకేసినా. మాటిచ్చినాక ఎవురో ఒకరు పోవాల. పోయింది ఎవురని ఊరోళ్ళు అడిగితే నేనని చెప్పాల.”

పెంచల్‌కు అర్థం కాలేదు. కుండ చంకన పెట్టుకుని లేచాడు.

“అబ్బయ్యా,” అన్నాడు ముసలాయన వెనకనుంచి. “కుండ పోతే పోయింది. మా ఇంటి చీటీ మాత్రం అందులో ఉండనీ. బిడ్డలు బతకాల.”

“అదేం మాట పెదనాయనా! అబద్ధమాడితే పోయేది కుండే గదా, చీటీ ఎందుకు పోతుంది?”

చిన్నపోలయ్య పెరటి వైపు చూశాడు.

పెరట్లోంచి కామమ్మ పిలిచింది. “పెంచలా, ఉత్తచేతుల్తో పోతావా? ఉండు, వంజరం కోసిస్తా.”

“ఎందుకులే పెద్దమ్మా,” అంటూనే పెంచల్ పెరటి గుమ్మంలో ఆగాడు.

కామమ్మ చేపను చెక్క మీద పెట్టి, కత్తి ఎత్తింది. ఒక్కటే వేటు. వంజరం తల తెగి అవతల పడింది. ముప్పై ఏళ్ళుగా ఆమె దగ్గర చేపలు కోయించుకుంటున్న పెంచల్, ఆ కత్తి పట్టిన చేతిని మొదటిసారి చూశాడు.

ఎడమ చెయ్యి.