గూటి గుమ్మం ఎవరి తెలివి?

తుమ్మకొమ్మ మీద రెండు గిజిగాళ్లు ఈకలు రాలేలా కొట్టుకుంటున్నాయి.

"పాము దూరకుండా గూటి గుమ్మం కిందికి పెట్టింది మా తాతే!" అన్నాడొకడు.

"మీ తాతకి గడ్డిపోచ ముడెయ్యడమే రాదు. అది మా తాత తెలివి!" అన్నాడు రెండోవాడు.

గుంపంతా రెండు జట్లుగా చీలి అరుస్తోంది.

"ఇద్దరూ కాదు," అని కిందనుంచి ఓ గొంతు వినిపించింది. చూస్తే ముసలి పాము! పక్షులన్నీ ఎగిరి పై కొమ్మకి చేరాయి.

"అప్పట్లో గుమ్మం పైనే ఉండేది. ఓ తల్లి గుడ్లు మూడుసార్లు తిన్నాను. నాలుగోసారి ఆవిడ గుమ్మం కిందికి తిప్పేసింది. అందుకోబోయి జారిపడ్డాను. ఆవిడ ఏడ్చిన ఏడుపు నాకే ఇంకా గుర్తుంది. మీలో ఒక్కడికైనా ఆవిడ పేరు తెలీదట్రా?"