గడియ

గొడ్డలి దెబ్బకు తలుపు చెక్క పైనుంచి చీలింది.

"బయటికి రాయే! ఇండ్ల జొరబడితే ఇడుస్తననుకున్నవా? ఇయ్యాల నిన్ను ముక్కలు ముక్కలు నరుకుత!"

ఇంద్రజ తలుపు దగ్గర నుంచి వెనక్కి జరిగింది. ఆడవాళ్ళ సామాజిక, ఆర్థిక పరిస్థితి మీద ప్రభుత్వం చేయిస్తున్న అధ్యయనం కోసం ఆమె సూర్యాపేట నుంచి దామరచర్ల అవతలి ఈ పల్లెకు వచ్చింది. రేకుల ఇంటి అరుగు మీద కూర్చుని ఆ ఇంటామె పేరు అడిగింది. "సాలి" అంది ఆమె, వీధి చివరకే చూస్తూ. రెండో ప్రశ్న అడిగే లోపే ఒకడు గొడ్డలి ఎత్తుకుని ఉరికొస్తూ కనిపించాడు. సాలి ఇంద్రజ చెయ్యి పట్టి లోపలికి గుంజి, గడియ పెట్టింది. అంతే.

ఇంద్రజ వందకు ఫోన్ చేసి ఊరి పేరు చెప్పింది. బయలుదేరుతున్నాం అన్నారు పోలీసులు.

"ఎర్రయ్యా, వద్దురా!" అని బయట ఎవరో అరిచారు. దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చినట్టు లేదు. మళ్ళీ దెబ్బ పడింది.

"తలుపు తియ్యను! ఏం జేస్కుంటవో జేస్కోరా, తాగుబోతోడా!" అని సాలి అంతకంటే గట్టిగా అరిచింది.

ఇంద్రజ ఆమె భుజం పట్టుకుని ఊపింది. "ఎందుకు రెచ్చగొడుతున్నవ్? సప్పుడు చెయ్యకుంటే పోతడేమో!"

"పోవద్దు మేడం. పోనియ్యొద్దు" అంది సాలి. వీపు తలుపుకు ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టింది.

ఈమెకు మతి చలించిందేమో అనుకుంది ఇంద్రజ. ఇంటి వెనక వైపు చూసింది. దొడ్డి తలుపు బార్లా తెరిచే ఉంది.

"సాలీ, అటు నుంచి పోదాం. రా!"

"మీరు పోండి మేడం. మీకు పిల్లలుంటరు. నేను రాను. తలుపు ఇడిస్తే వాడు అటే ఉరుకుతడు."

ఇంద్రజ దొడ్డి గుమ్మం దాకా వెళ్ళింది. ఎదురుగా వరి పొలాలు, గట్టు మీద ఎండ. ఒక్క ఉరుకు ఉరికితే రోడ్డెక్కొచ్చు. వెనక మళ్ళీ గొడ్డలి పడింది. ఈసారి చెక్క చీలిన చప్పుడుతో పాటు సాలి కేక కూడా వినిపించింది.

ఇంద్రజ వెనక్కి తిరిగింది.

చీలికలోంచి దూరిన గొడ్డలి సాలి భుజం మీద దిగింది. జాకెట్ చేయి నెత్తురుతో తడిసిపోతోంది. ఆమె పళ్ళు బిగించింది గానీ తలుపును వదల్లేదు. గొడ్డలి వెనక్కి పోయింది. దాని వెంటనే పగులులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. గడియ కోసం తడిమింది. అందక, సాలి జుట్టు పట్టుకుని ఆమె తలను తలుపుకేసి కొట్టింది. ఒకసారి, ఇంకోసారి.

మూలన రోకలి ఉంది. ఇంద్రజ ఎప్పుడు అందుకుందో ఆమెకే తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, రెండు చేతులా ఎత్తి ఆ మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినపడింది. వాడు గొడ్డు అరిచినట్టు అరిచాడు. ఇంద్రజ మళ్ళీ కొట్టింది. వేళ్ళు జుట్టును వదిలేశాయి. అయినా ఆమె కొడుతూనే ఉంది.

పోలీసు జీపు సైరన్ వినబడ్డాక సాలి ఆమె చేతిలోంచి రోకలి తీసుకుంది. "సాలు మేడం. ఇగ సాలు."

మిర్యాలగూడ దవాఖానలో సాలి భుజానికి కుట్లు వేశారు. ఇంద్రజ పక్కనే కూర్చుంది. భయం పోయి, ఆ చోట కోపం మిగిలింది.

"ఇప్పుడన్న కేసు పెట్టు సాలీ. సాక్ష్యం నేను చెప్త. బతికుండంగనే ఇట్ల నరికేటోనితోటి ఇంకా ఏం కాపురం చేస్తవ్?"

ఇంతలో సాలి ఫోన్ మోగింది. ఎడమ చేత్తో చెవి దగ్గర పెట్టుకుని వింది. "దిగినవా? పిల్ల మంచిగుందా? ఏడ్వకు" అని పెట్టేసింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖం తేటపడింది. కళ్ళు మూసుకుని దిండు మీద తల వాల్చింది.

"కాపురమా? వాడు నా మొగడు గాదు మేడం, పక్కింటి ముత్తమ్మ మొగడు. మీరొచ్చే ముందే ఆమె పిల్లనెత్తుకొని నా దొడ్డి దారిన ఉరికింది, కోదాడ బస్సు ఎక్కేదాక వాణ్ని నా గుమ్మం కాడ ఆపిన, గంతే."