నత్తకు దొరికిన ఉద్ది

ఫోన్ ఆటల పోటీకి జట్లు ఎలా కట్టాలనే కదర్రా మీ గొడవ? అయితే ఇది వినండి.

ఒక పెరట్లో ముట్టుడాటకు జీవులన్నీ ఉద్దులుగా వచ్చాయి. ఉద్దంటే సమానమైన జోడీ. ఒకరు ఇటు, ఒకరు అటు. నత్తకు మాత్రం ఉద్ది దొరకలేదు.

“నువ్వు ఆటలో అరటిపండువి. రెండు జట్లలోనూ ఉండు, నిన్నెవరూ ఔట్ చేయరు,” అంది ఉడత.

“నాకూ ఔటవ్వాలని ఉందే,” అంది నత్త, కొమ్ములు ముడుచుకుని.

ఆకు మీంచి చూస్తున్న గొంగళిపురుగు మెల్లగా దిగొచ్చింది. “నీ అంత నిదానంగా నడిచేదాన్ని నేనున్నాగా. పదవే.”

రెండూ చెరో జట్టులో చేరాయి. ఆట మొదలవగానే అవతలి జట్టు ఉడత నత్తను ముట్టేసింది.

“నేను ఔటయ్యానోచ్” అని చాటుకుంటూ నత్త సగం పెరడు తిరిగేసరికి, రెండో ఆటకు రమ్మని ఉడతే పిలిచింది.

సరే, గోంగూర ఇంకా సగం వలవాలి. జట్లు మీరే కట్టుకోండి, నేను పోతున్నా.