ఇంకెక్కడికి పోతారు?

సౌదీలోని యాన్బు ఆసుపత్రి క్యాంటీన్‌లో నర్సు కెజియా, అమెరికా నుంచి వచ్చిన సాటి నర్సు డెనీస్ ముందుకు ఓటు కాగితం, పెన్ను తోసింది. "అమెరికాకు ఓటు పంపడానికి ఇవాళే ఆఖరు. వెయ్యి తల్లీ!"

"ఎవరికి? ఒక పార్టీ మా నల్లవాళ్ల వీధి మొహమే చూడదు. మేం గెలిపించే పార్టీని మంచినీళ్లడిగితే, 'మమ్మల్ని కాదని ఇంకెక్కడికి పోతారు?' అంటుంది."

"అంటే పడతారా? మా పేటలో అయితే చెప్పు తీస్తారు!"

అంతలో బాపట్ల నుంచి కెజియా నాన్న ఫోన్ చేశాడు. పేట ఓట్లన్నీ మళ్లీ ఎమ్మెల్యేకేనని మాటిచ్చాడట.

"అమ్మని మోకాటి నీళ్లలో మోసుకెళ్లాం. సమాధుల దొడ్డికి దారి అడిగావా నాన్నా?"

"అడగలేదమ్మా. ఆయన్ని కాదని మనం ఇంకెక్కడికి పోతాం?"

"ఏమన్నారు మీ నాన్న?" అంది డెనీస్.

కెజియా తలొంచుకుని చెప్పింది.

డెనీస్ నవ్వలేదు. పెన్ను తీసుకుని, ఎప్పుడూ వేసే పార్టీకే గుర్తు పెట్టింది.